పల్లికాయ ఎవరి దగ్గర కొనాలి? గానుగ నడిపేవారికి నాలుగు దారుల లెక్క

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో, పల్లికాయ మార్కెట్‌కు వచ్చేది మూడు నెలలు, మహా అయితే నాలుగు నెలలు. నూనె అమ్ముకోవాల్సింది పన్నెండు నెలలు. గానుగ వ్యాపారంలో కొనుగోలు చిక్కులన్నీ ఈ తేడాలోంచే పుడతాయి. మిగిలిన ఎనిమిది నెలలూ సరుకు ఎవరి గదిలో ఉండాలి, దాని మీద పెట్టిన డబ్బు ఎవరిది, పుచ్చిపోతే నష్టం ఎవరిది? ఎవరి దగ్గర కొనాలో తేల్చుకునే ముందు ఈ మూడూ తేల్చుకోవాలి. ధర ఆ తర్వాతి మాట.

జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లే దారిలో నాకు రెండు కట్టె గానుగలు ఉన్నాయి. ఏడాదికి సుమారు మూడు వందల క్వింటాళ్ల కాయ కొంటాను. కొత్తగా గానుగ పెట్టాలనుకునేవాళ్లు వచ్చి చూసి పోతుంటారు. రోలు ఏ కట్టెతో చేయించారు, మోటారు ఎంత పెద్దది, సీసాలు ఎక్కడ దొరుకుతాయి అని వివరంగా అడుగుతారు. కాయ సంగతి మాత్రం టీ తాగి లేచేటప్పుడు గుర్తొస్తుంది. అదీ 'కాయ మార్కెట్‌లోనే కదా' అని జవాబు వాళ్లే చెప్పేసుకుంటూ అడుగుతారు.

మార్కెట్ యార్డు ఒక దారి మాత్రమే. వ్యాపారి గోదాము, రైతు కల్లం, రైతు ఉత్పత్తిదారుల సంఘం మిగతా మూడు. నాలుగుచోట్లా కొన్నాను. నాలుగుచోట్లా ఏదో ఒక ఏడాది దెబ్బ తిన్నాను కూడా. ఒక దెబ్బ మాత్రం నేను కొట్టిందే. దాని గురించి తర్వాత చెబుతాను.

క్వింటాల్ ధరతో మోసపోవద్దు

ఏ దారిని ఏ దారితో పోల్చాలన్నా ముందు ఒకే కొలత ఉండాలి. క్వింటాల్ కాయ ధర ఆ కొలత కాదు. లెక్క కోసం అనుకుందాం: ఒకరు క్వింటాల్ 7,000 రూపాయలకు ఇస్తామన్నారు, ఇంకొకరు 6,800కే ఇస్తామన్నారు. మొదటి కాయను ఒలిస్తే నూటికి 70 కిలోల గింజ వచ్చింది. రెండోదానిలో తాలు, అంటే గింజ నిండని కాయ, ఎక్కువ, 64 కిలోలే వచ్చింది. ఇప్పుడు కిలో గింజ ఖర్చు చూడండి. మొదటిది సరిగ్గా వంద రూపాయలు, రెండోది 106 రూపాయల పావలా. నా గానుగలో లీటరు నూనెకు దాదాపు 2.4 కిలోల గింజ పడుతుంది. అంటే రెండు వందలు తక్కువకు కొన్న కాయ లీటరు దగ్గర పదిహేను రూపాయలు ఎక్కువ తింటుంది. ఇందులో ముడుచుకుపోయిన నొక్కు గింజల లెక్క ఇంకా కలపలేదు. నొక్కు గింజ తూకానికి తూగుతుంది కానీ నూనె పెద్దగా ఇవ్వదు.

తేమ కూడా ఇలాగే జేబు కొడుతుంది. 12 శాతం తేమ ఉన్న వంద కిలోల కాయను 8 శాతానికి ఆరబెడితే మిగిలేది 95 కిలోల చిల్లర. నాలుగు కిలోలకు పైగా నీళ్లకు పల్లి ధర చెల్లించినట్టు. ఏడు వేల ధర మీద అది మూడు వందల రూపాయలు.

అందుకే ఎవరి దగ్గర కొన్నా నేను చేసే పని ఒకటే. కుప్ప పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి కాయ తీసి కలిపి, అందులోంచి కిలో తూచి, చేత్తో ఒలిచి గింజ తూస్తాను. నొక్కులు, బూజు పట్టినవి, రంగు మారినవి పక్కన పెట్టి మళ్లీ తూస్తాను. అరగంట పని. చిన్న తేమ మీటరు కొనుక్కోవడం మంచిదే కానీ, కాయ ఊపితే గింజ గలగలలాడాలి, గింజ రుద్దితే పొట్టు ఊడాలి అన్న పాత పరీక్ష కూడా తక్కువదేమీ కాదు. ఈ అరగంటకు విసుక్కునే అమ్మకందారు దగ్గర కొనడం మానేశాను.

యార్డు: అన్నీ కనబడతాయి, ఏదీ తెలియదు

బాదేపల్లి, వనపర్తి, గద్వాల, అచ్చంపేట, మహబూబ్‌నగర్ యార్డుల్లో సీజన్‌లో కాయ కుప్పలు కుప్పలుగా పడుతుంది. యార్డుకున్న పెద్ద బలం ధర బహిరంగంగా తేలడం. పది మంది ఖరీదుదారులు ఒకే కుప్ప మీద ధర వేస్తారు, దడువాయి తూకం వేస్తాడు, తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిన చీటీ, చేతికి వస్తుంది. 2016 ఏప్రిల్‌లో దేశంలోని యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ఈ-నామ్ మొదలయ్యాక అందులో చేరిన యార్డుల ధరలు ఫోనులోనే చూసుకోవచ్చు. మిగతా మూడు దారుల్లో బేరానికి కూర్చున్నప్పుడు కూడా నేను ముందు చూసేది యార్డు ధరే. ఆ రకంగా యార్డులో కొనకపోయినా యార్డుతో పని ఉంటుంది.

కొనాలంటే ఖరీదుదారుగా లైసెన్సు కావాలి, లేదా లైసెన్సు ఉన్నవారి ద్వారా కొనాలి. ధర మీద మార్కెట్ ఫీజు, హమాలీ, గోనె సంచులు, లారీ కిరాయి కలుస్తాయి. డబ్బు వెంటనే కట్టాలి. అరువు అనే మాట లేదు.

బలహీనత ఏమిటంటే, ముప్పై కుప్పలు కొంటే అవి ముప్పై చేలవి. చివరి నెలలో బోరు ఎండిపోయి బెట్టకు గురైన చేను ఏది, తడిసిన కాయను హడావిడిగా ఎండబెట్టింది ఏది అన్నది కుప్ప చూస్తే తెలియదు. బూజు విషం, అదే అఫ్లటాక్సిన్, ఎక్కువగా పుట్టేది ఆ రెండుచోట్లే. మామూలు నూనె మిల్లుకు ఇది పెద్ద బెంగ కాకపోవచ్చు, ఎందుకంటే శుద్ధి చేసేటప్పుడు చాలావరకు పోతుంది. గానుగ నూనెను మనం శుద్ధి చేయం, వడకట్టి సీసాలో పోస్తాం. పైగా విషంలో ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే పల్లి చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క బర్రె తింటుంది, పాలల్లోకి వస్తుంది. ఆ పాలు కొనేది మన ఊరివాళ్లే. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం మొత్తం అఫ్లటాక్సిన్ తదుపరి తయారీకి వాడే నూనె గింజల్లో కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. పాలల్లోకి వచ్చే ఎం1 అనే రకం కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదు. ఈ సంఖ్యలు గుర్తుపెట్టుకోకపోయినా పర్వాలేదు. బూజు గింజను ఏరి పారేయడానికి ఇద్దరు మనుషుల కూలీ మిగుల్చుకోవద్దు, అంతే.

వ్యాపారి: ఏడాది పొడుగునా ఉంటాడు, ఆ సేవకు ధర ఉంటుంది

గోదాము లేనివారికి, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి వ్యాపారి దేవుడిలా కనిపిస్తాడు. ఫోను చేస్తే రెండు రోజుల్లో ఒలిచిన గింజ దిగుతుంది. నెల రోజుల అరువు ఇస్తాడు. ఆయన్ను దళారీ అని తిట్టడం మనకు అలవాటు కానీ, ఎనిమిది నెలలు సరుకు మోసే భారం ఎవరో ఒకరు మోయాలి కదా. ఆ భారం ఎంతో నా లెక్క చెబుతాను. మూడు వందల క్వింటాళ్లు ఏడు వేల చొప్పున ఒకేసారి కొంటే 21 లక్షలు. నెలనెలా ఆడించుకుంటూ పోతే సగటున సగం డబ్బు, అంటే పదిన్నర లక్షలు, పది నెలలు ఇరుక్కుని ఉంటుంది. 12 శాతం వడ్డీ వేస్తే లక్షా ఐదు వేలు. క్వింటాల్‌కు 350 రూపాయలు. గది అద్దె, సంచులు, ఎలుకలు, పుచ్చు దీనికి అదనం. ఆగస్టులో వ్యాపారి చెప్పే ధర ఫిబ్రవరి యార్డు ధరకన్నా ఈ మొత్తం మేరకే ఎక్కువ ఉంటే ఆయన మోసం చేయడం లేదు, మీ పని చేసి పెడుతున్నాడు.

అరువును మాత్రం విడిగా చూడాలి. రొక్కం ఇస్తే కిలో వంద, నెల అరువైతే 102 అన్నాడంటే ఏడాదికి 24 శాతం వడ్డీ. బ్యాంకు దగ్గర ఓవర్‌డ్రాఫ్ట్ తెచ్చుకుని రొక్కానికి కొనడం దాదాపు ఎప్పుడూ మేలు.

అసలు ప్రమాదం శ్రావణ, భాద్రపదాల్లో. యాసంగి విత్తనం వేళ దగ్గరపడుతుంది. పల్లికి విత్తనం చాలా పడుతుంది, ఎకరానికి 60 నుంచి 80 కిలోల గింజ. నిల్వలో ఉన్న మంచి కాయంతా విత్తనానికి పోతుంది, మిగిలింది నూనెకు వస్తుంది. ఒక ఏడాది నాకు ముప్పై బస్తాల గింజ దిగింది. పైన రెండు బస్తాలు విప్పి చూశాను, మేలురకం. మిగతావాటిలో పాత సరుకు కలిసింది. నూనె సీసాలో పోసిన పదిహేను రోజులకే పాత వాసన కొట్టి డబ్బాలు తిరిగొచ్చాయి. వ్యాపారి మీద కోపం ఒక వారం ఉంది. ముప్పై బస్తాల్లో రెండే విప్పిన నా తెలివి మీద కోపం ఇంకా ఉంది.

రైతు దగ్గర నేరుగా

అందరూ నోరారా మెచ్చుకునే దారి ఇదే, అందరికన్నా ఎక్కువ పని ఉన్నదీ ఇదే. నాకు నాలుగు ఊళ్లలో పద్నాలుగు మంది రైతులు ఉండేవారు. ఏ చేనుకు ఎన్ని తడులు అందాయో, ఏ విత్తనం వేశారో, కాయ కల్లంలో ఎన్ని రోజులు ఆరిందో నాకు తెలుసు. ఇంకెక్కడా కొనలేని సమాచారం అది. నూనె రుచిలో తేడా వాడేవాళ్లు చెబుతారు.

ధర ఎలా పెట్టుకోవాలన్నది మొదటి పేచీ. విత్తేటప్పుడే ఒక ధర ఖాయం చేసుకుంటే మార్కెట్ పెరిగిన ఏడాది రైతు బాధపడతాడు, తగ్గిన ఏడాది మీరు బాధపడతారు. ఎవరు బాధపడినా మరుసటి ఏడాది ఒప్పందం ఉండదు. మేము పెట్టుకున్న పద్ధతి ఇది: తూకం రోజు దగ్గరి యార్డులో ఎక్కువ సరుకు పలికిన ధరే మా మొదలు. కిలో నమూనాలో గింజ 68 శాతం దాటితే ప్రతి శాతానికి కొంత కలుపుతాం, తగ్గితే తగ్గిస్తాం. రైతుకు యార్డు దాకా కిరాయి, అక్కడ సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు కమీషన్ మిగులుతాయి. కేంద్రం ప్రకటించే మద్దతు ధర, క్వింటాల్‌కు 2024-25కు 6,783 రూపాయలు, 2025-26కు 7,263 రూపాయలు, మా మాటల్లో ఎప్పుడూ ఉంటుంది. యార్డు ధర దానికి బాగా దిగువకు జారిన ఏడాది యార్డు ధరే ఇస్తానని పట్టుబట్టడం కుదరదు. కుదిరినా చేయకూడదు.

ధర పెంచడంకన్నా ఎక్కువ పనికొచ్చింది జిప్సం. పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోస్తే కాయలో గింజ నిండుతుంది, తాలు తగ్గుతుంది. చాలామంది వేయరు. డబ్బు లేక కొందరు, ఆ వేళకు మండలంలో దొరక్క కొందరు. నేను లారీ తెప్పించి పంచి, కాయ లెక్కలో మినహాయించుకున్నాను. పైన చెప్పిన లీటరుకు పదిహేను రూపాయల తేడా గుర్తుందా? అందులో కొంత ఇలా చేను దగ్గరే సంపాదించవచ్చు.

ఒక హెచ్చరిక. సెప్టెంబరులో విత్తనానికి, మందులకు అప్పిచ్చిన అడ్తిదారుకే పంట వేయాల్సిన రైతులు చాలామంది. వాళ్లను 'వంద ఎక్కువిస్తాను, నాకు వేయి' అని లాగొద్దు. మీరు ఒక సీజన్ మనిషి, ఆయన వాళ్ల పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ అప్పిచ్చే మనిషి. బాకీ పోను మిగిలిన కాయ అడగండి. అది సగమే అయినా చాలు.

ఇప్పుడు నేను కొట్టిన దెబ్బ. ఒక ఏడాది హైదరాబాద్‌లో నా నూనె అమ్మే దుకాణం ఒకటి బిల్లు మూడు నెలలు ఆపింది. తూకం రోజే డబ్బు ఇవ్వడం మా ఒప్పందం. ఆ ఏడాది నలభై రోజులు ఆలస్యం చేశాను. ఎవరూ గట్టిగా అడగలేదు. మరుసటి ఫిబ్రవరిలో ఆరుగురి ఫోన్లు రాలేదు. వెళ్లి అడిగితే, "ఈసారి యార్డుకు వేశామన్నా, అక్కడ డబ్బు వెంటనే ఇస్తారు" అన్నారు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ మర్యాదే నన్ను ఎక్కువగా కుదిపింది.

నాకు రావలసిన డబ్బుకు చట్టం అండ ఉందని తర్వాత తెలిసింది. చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు, ఆ పరిశ్రమల కోసమే వచ్చిన 2006 నాటి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులో, ఎంతైనా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో కొన్నవారు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. 2024 ఏప్రిల్ నుంచి, గడువు దాటి, ఏడాది ముగిసేలోపు కూడా చెల్లించని మొత్తాన్ని కొన్నవారు ఆదాయ పన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు కూడా పోయింది. ఇప్పుడు ప్రతి బిల్లు మీద నా ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చు వేయిస్తాను. సగం దుకాణాలు అది చూసే సర్దుకున్నాయి. కానీ ఈ అండ నా దగ్గరే ఆగిపోతుంది. వ్యవసాయం ఉద్యమ్ పరిధిలోకి రాదు కాబట్టి నాకు కాయ ఇచ్చిన రైతుకు ఆ 45 రోజుల హక్కు లేదు. అతనికి ఉన్నదల్లా నా మాట. కాబట్టి రైతుల డబ్బు కోసం ఫిబ్రవరికి ముందే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ఖాళీగా ఉంచుకోలేనివారు ఈ దారి జోలికి రావద్దు.

రైతు సంఘం: మంచి దారి, కానీ లెక్కలు చూడాలి

పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల కేంద్ర పథకం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. మూడేళ్లలో ఒక్కో సంఘానికి 18 లక్షల దాకా నిర్వహణ సాయం, సభ్యులు పెట్టిన వాటా ధనానికి సమానంగా 15 లక్షల వరకు గ్రాంటు అందులో ఉన్నాయి. సంఘం దగ్గర కొంటే పద్నాలుగు తూకాల బదులు ఒకటే తూకం, ఒకటే బిల్లు. ఎక్కడి కాయో కూడా తెలుస్తుంది. గింజ ఒలిచి ఇచ్చేవీ ఉన్నాయి.

చిక్కల్లా నడిపే పెట్టుబడి. సభ్యుల దగ్గర కాయ తీసుకుని వెంటనే డబ్బు ఇవ్వలేకపోతే సభ్యులే యార్డుకు పోతారు, మీకిచ్చిన మాట అక్కడ పోతుంది. మూడేళ్ల సాయం అయిపోయాక మేనేజరు జీతం ఎవరు ఇస్తున్నారో తప్పకుండా అడగండి. గోదాము సొంతమా, తేమ మీటరు ఉందా, పోయిన ఏడాది ఎన్ని క్వింటాళ్లు ఎవరికి అమ్మారు అన్నవి కూడా. ఈ ప్రశ్నలకు బోర్డు సభ్యుడొకరు కాగితం చూడకుండా జవాబు చెబితే ఆ సంఘం నడుస్తున్నట్టే. బయానా ఇవ్వాల్సి వస్తే మొత్తంలో పది శాతం దాటనివ్వను. అదీ గోదాములో సరుకు కళ్లతో చూశాకే.

మరి దేన్ని ఎంచుకోవాలి?

ఏడాదికి యాభై క్వింటాళ్లలోపు ఆడించేవారు రైతుల చుట్టూ తిరిగితే పెట్రోలు ఖర్చు కూడా రాదు. మంచి సంఘం దగ్గర్లో ఉంటే వాళ్ల దగ్గర గింజ కొనండి, లేకపోతే యార్డులో తెలిసిన ఖరీదుదారు ద్వారా జనవరి, ఫిబ్రవరిల్లో ఆరు నెలలకు సరిపడా కాయ తీసుకోండి. గింజగా కాదు, కాయగా. పైన పెంకు ఉన్నన్నాళ్లు గింజ నిలవుంటుంది. గోదాము లేకపోతే వ్యాపారే గతి. అప్పుడు ఇద్దరు వ్యాపారులను పెట్టుకుని, ప్రతి బస్తా విప్పే ఓపిక పెంచుకోండి. గది, బ్యాంకు పరిమితి, తిరిగే మనిషి, ఈ మూడూ ఉన్నవారికే రైతు దారి.

నా మూడు వందల క్వింటాళ్లలో ఇప్పుడు 120 రైతుల నుంచి, 80 సంఘం నుంచి, 70 యార్డు నుంచి, 30 వ్యాపారి నుంచి వస్తున్నాయి. వ్యాపారి దగ్గర కొనే ముప్పై నిజానికి అవసరం లేదు. కానీ వానలు తప్పి బోర్లు ఎండిన ఏడాది ఆయన ఫోను ఎత్తాలంటే మంచి ఏళ్లలో కూడా కొంత కొంటూ ఉండాలి. ఏ ఒక్క దారినీ సగానికి మించనివ్వను. ఇక్కడ రైతులందరి బోర్లూ ఒకే భూగర్భ జలం మీద బతుకుతాయి కాబట్టి పద్నాలుగు మంది రైతులంటే పద్నాలుగు దారులు కాదు. అందుకే రైతులను ఒకే వాగు పక్క ఊళ్ల నుంచి కాకుండా, ఇటు కల్వకుర్తి వైపు కొందరు, అటు వనపర్తి వైపు కొందరు ఉండేలా చూసుకుంటున్నాను.

సీసాలు, మూతలు, లేబుళ్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. హైదరాబాద్‌లో ముగ్గురి ధర తెలుసుకుని, రెండు నెలలకు సరిపడా పెట్టుకుంటే చాలు. లీటర్ల కొద్దీ తీసుకునే ఇళ్లకు స్టీలు డబ్బాలు తిప్పి వాడుతున్నాను. రవాణాకు జడ్చర్ల కూడలి దగ్గర ఉండటం మన అదృష్టం. బెంగళూరు రోడ్డు, రాయచూరు నుంచి కోదాడ వెళ్లే రోడ్డు అక్కడే కలుస్తాయి, ఖాళీగా తిరిగిపోయే బండి దొరికితే కిరాయి బాగా తగ్గుతుంది. చెక్కను మాత్రం వేలంలో అమ్మను. కాయ ఇచ్చిన రైతులకే ముందు అడిగి, బజారు ధరకు కొంచెం తక్కువకు ఇస్తాను. తమ బర్రె తినే చెక్క కాబట్టి బూజు కాయను కల్లంలోనే ఏరేస్తున్నారని ఈ మధ్య గమనించాను.

ప్రతి కొనుగోలుకూ ఒక నోటు పుస్తకంలో ఐదు గడులు రాస్తాను: తేదీ, ఎవరి దగ్గర, గింజ శాతం, తేమ, డబ్బు ఇచ్చిన తేదీ. చివరి గడి నా గురించి. ఆ ఆలస్యం జరిగి ఇప్పటికి నాలుగు సీజన్లు. వెళ్లిపోయిన ఆరుగురిలో నలుగురు తిరిగి కాయ తెస్తున్నారు. ఇద్దరు ఇంకా యార్డుకే వేస్తున్నారు.